తుడిచిన నీళ్ళు

"ఫ్లోరాల్బా, అదేదో ఒకసారి పట్రా!"

మా ఆయన ఒరెస్తెస్ కాఫీ ఒలకబోసుకున్నాడు. డిసెంబరు ముప్పై ఒకటి, పొద్దున్నే. కాఫీ బల్ల మీంచి కిందికి కారకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, ఆనకట్ట కట్టినవాడిలా దర్జాగా కూర్చున్నాడు.

"ఏది?" అన్నాను వంటింట్లోంచి.

"అదే... అది. తుడిచేది."

పట్టుకెళ్ళి తుడిచాను. చెయ్యి పైకెత్తి కింద తుడవనిచ్చాడు, మళ్ళీ దించాడు. "థాంక్యూ బంగారం" అని కూడా అన్నాడు. మా ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, మా వీధిలో ఎవరినడిగినా అదే చెబుతారు కాబట్టి. క్షవరం షాపులో అందరి కాఫీకీ తనే డబ్బులిస్తాడు. చావింటికి అందరికన్నా ముందు వెళతాడు. డాన్సు చేస్తే కూర్చున్న ఆడవాళ్ళు లేచి నిలబడతారు. కానీ పాతికేళ్ళ కాపురంలో ఆయన తుడిచే గుడ్డని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. మాటలు రాని మనిషేం కాదు. కారు కింద పడుకుని ఏ నట్టుకి ఏ పానా కావాలో పేరు పెట్టి అడుగుతాడు. చుట్టలో లోపలి ఆకు పేరు వేరు, పై ఆకు పేరు వేరు, మధ్యలో కట్టే ఆకు పేరు ఇంకా వేరు అని గంటసేపు చెప్పగలడు. వంటింటి గడప దగ్గరికొచ్చేసరికే ఆయన మాటలన్నీ అయిపోతాయి. అక్కడినుంచి అంతా "అదేదో".

ఆడవాళ్ళ సంగతి అలా కాదు. నేను కొలంబియాలో మనిసాలెస్ కొండల్లో పుట్టాను. గిన్నెలు తుడిచే గుడ్డని మేము లింపియోన్ అంటాం. పెళ్ళయి అమెరికాలో యూనియన్ సిటీలో ఈ క్యూబా వాళ్ళింట్లో అడుగు పెట్టిన వారంలోనే ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. మా అత్తగారు దోన్యా ఎనెయిదా గరిటె వదిలేసి మరీ నవ్వింది. "లింపియోనా? ఎవరో కుస్తీ పట్టేవాడి పేరులా ఉందే పిల్లా!" మర్నాడు ఆవిడ ఫ్రసాద తెమ్మంది. మా వైపు ఆ మాటకి కప్పుకునే దుప్పటి అని అర్థం. పాపం పెద్దావిడకి చలేస్తోందనుకుని, మంచం మీది ఉన్ని దుప్పటి తెచ్చి భుజాల నిండా కప్పాను. ఆవిడ అడిగింది నేల తుడిచే గుడ్డ. ఆ కథ ఆవిడ ఇప్పటికీ క్రిస్మస్‌కి ఒకసారి చుట్టాలకి చెబుతుంది, చుట్టాలు ఇప్పటికీ కొత్తగా విన్నట్టే నవ్వుతారు.

తర్వాత ఆవిడ దగ్గర నా చదువు మొదలైంది. చేతులు తుడుచుకునేది గిన్నెలకి తగలకూడదు, గిన్నెలది బల్లకి తగలకూడదు, నేలది దేనికీ తగలకూడదు. నేల గుడ్డతో బల్ల తుడిచిన ఆడదాన్ని మా అత్తగారు మనిషి కింద లెక్కెయ్యదు. కర్రకి పీచులు వేలాడే మాప్ కొనుక్కొస్తే మొహం తిప్పుకుంది. "అది నేలకి గిలిగింతలు పెడుతుంది, తుడవదు" అంది. పొడుగు కర్ర చివర అడ్డంగా ఇంకో కర్ర, దానిమీద తడి ఫ్రసాద, చేత్తో పిండుకోవడం, మళ్ళీ పరుచుకోవడం. అలా పిండీ పిండీ ఆవిడ వేళ్ళు ఇప్పుడు చాపినా తిన్నగా సాగవు. నావి కూడా ఆ దారినే ఉన్నాయి.

అత్తగారింటి చదువు పూర్తయింది కదా అనుకుని పనిలో చేరాను. ఆఫీసులు శుభ్రం చేసే పని. పొద్దున్నే వ్యాన్ వచ్చి అందరినీ ఎక్కించుకుంటుంది. మొదటిరోజు, మెక్సికోలో పుయెబ్లా నుంచి వచ్చిన డొమితీలా నావైపు చెయ్యి చాపి, "హెర్గా ఇటు పడెయ్" అంది. నేను గుడ్లప్పగించి నిలబడ్డాను.

"ఏమ్మా, చెవుడా?"

"హెర్గా అంటే ఏంటి?"

"అయ్యో నా రాత! నేల తుడిచేదే తల్లీ!"

"దాన్ని ఫ్రసాద అంటారు కదా" అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

వెనకనుంచి వెనిజులా అమ్మాయి యుస్మరీ అందుకుంది. "దాన్ని కొలేతో అంటారు! మీరిద్దరూ ఏ అడవిలో పుట్టారే?"

ఆ రోజు నలుగురం ఒక్క గుడ్డకోసం పోట్లాడుకుని, నవ్వలేక నేలమీద కూలబడ్డాం. నాలుగోది పెరూ నుంచి వచ్చిన ఎర్మెలిందా. ఆవిడ ఎవరితోనూ వాదించదు. గిన్నె గుడ్డ అందుకుని, "మా ఊళ్ళో దీన్ని సెకదోర్ అంటారు, మీరేమైనా అనుకోండి" అని తన పని తాను చేసుకుపోయింది. యుస్మరీకి ఊతపదం ఒకటుంది. ఎవరైనా పని అంతా తనమీదికి తోస్తే నడుం మీద చేతులు పెట్టుకుని, "నన్ను నీ కొలేతో అనుకున్నావా?" అంటుంది. మా మేస్త్రీ ఫెర్మిన్ మాలో ప్రతి ఒక్కరినీ "అమ్మాయిలూ" అని పిలుస్తాడు. మాలో ఇద్దరు అమ్మమ్మలు. అతన్ని కూడా యుస్మరీ అదే మాటతో నిలదీసి, ఒకరోజు జీతం పోగొట్టుకుంది.

నేల తుడుస్తున్నప్పుడు ఆలోచనలు బాగా వస్తాయి. చేతులకి పని ఉంటుంది, బుర్ర ఖాళీ. నాకనిపించేది, ఈ మాటలు ఏ బడిలోనూ నేర్పరు. ఒక అమ్మ తడి చేతులతో కూతుర్ని కేకేసి అడిగితే ఆ పిల్లకి ఒక మాట వస్తుంది. పక్కన ఆడుకునే కొడుకుని ఎవరూ అడగలేదు, అందుకని వాడికి రాలేదు. దేశం దేశానికీ మాట మారుతుంది గానీ అడిగేది మాత్రం ఆడపిల్లనే. ఆఫీసులో బల్ల దగ్గర కూర్చున్న మగవాళ్ళు ఫోన్లో మాట్లాడుతూనే, మావైపు చూడకుండా, రెండు కాళ్ళూ పైకెత్తుతారు. మేము కింద తుడుస్తాం. వాళ్ళు దించుతారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఆ తర్వాత ఒకరోజు ఇంట్లో ఒరెస్తెస్ పేపరు చదువుతూ అచ్చం అలాగే కాళ్ళెత్తాడు. ఆఫీసులో వాళ్ళమీద కోపం తగ్గిపోయింది. వాళ్ళు పరాయివాళ్ళు కదా.

అక్టోబరులో డొమితీలా ఒక కబురు తెచ్చింది. బెర్గెన్‌లైన్ వీధిలో ఒక పళ్ళ డాక్టరమ్మ కొత్తగా క్లినిక్ తెరుస్తోంది, మధ్యలో మేస్త్రీ ఎవరూ వద్దంటోంది, మన నలుగురమే తీసుకుందామా అని. ఆవిడతో మాట్లాడ్డానికి నన్ను పంపారు. "ఫ్లోరాల్బాకి ఇంగ్లీషొచ్చు, కోపం రాదు" అంది డొమితీలా. రెండోది అబద్ధం, కానీ ఒప్పుకున్నాను. డాక్టరమ్మ గదులన్నీ చూపించి, జనవరి రెండున పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టమంది. తాళంచెవి మీకే ఇస్తాను, మీరే బాధ్యత, అంది. ఆ మాట విని ఇంటికి నడిచొచ్చాను, బస్సెక్కలేదు. అంత ఆనందంగా నేను ఆ వీధిలో ఎప్పుడూ నడవలేదు. నా పెళ్ళప్పుడు కూడా ఎవరూ నన్ను "మీదే బాధ్యత" అని గౌరవంగా అనలేదు, బాధ్యతలు మాత్రం వచ్చాయి.

ఒరెస్తెస్‌కి చెప్పాను. బేస్‌బాల్ చూస్తున్నాడు. "బాగుంది, బాగుంది" అన్నాడు.

నవంబరులో మా అత్తగారి మోకాలికి ఆపరేషన్ అయింది. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని నడుస్తోంది. పక్కన మనిషి ఉండాలి, నిజమే. ఒరెస్తెస్‌ది గోడౌన్లో మధ్యాహ్నం షిఫ్టు. రెండింటికి బయల్దేరతాడు, అప్పటిదాకా ఇంట్లోనే. క్లినిక్ నుంచి నేను పదకొండున్నరకల్లా తిరిగి వస్తాను. ఏ చిక్కూ లేదనుకున్నాను. లెక్క సరిపోయినంత మాత్రాన మగవాడు ఒప్పుకుంటాడనుకోవడం నా పిచ్చి.

క్రిస్మస్ ముందురోజు రాత్రి విందు. ఇల్లంతా చుట్టాలు. నేను నల్లచిక్కుళ్ళ గిన్నెని గుడ్డతో పట్టుకుని వంటింట్లోంచి వస్తున్నాను. ఒరెస్తెస్ గ్లాసు పైకెత్తాడు.

"ఒక శుభవార్త! కొత్త సంవత్సరం నుంచి మా ఫ్లోరాల్బా రాణిలా ఇంట్లోనే ఉంటుంది. ఆ పని అదేదో మానేస్తోంది. అమ్మని చూసుకుంటుంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఒరెస్తెస్ తమ్ముడి భార్య నా బుగ్గ గిల్లి, "అదృష్టవంతురాలివే! మావాడూ ఉన్నాడు ఎందుకు" అంది. మా అత్తగారు తల వంచుకుని అన్నం కెలుకుతోంది. నేను చేతులు కాలేదాకా గడపలోనే నిలబడ్డాను. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. పాతికమంది ముందు నా మొగుడు నన్నడగనేలేదని చెప్పుకుంటే పోయేది ఎవరి పరువు? గిన్నె బల్లమీద పెట్టి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యం.

ఆ వారమంతా ఆ "అదేదో" చెవిలో తిరుగుతూనే ఉంది. గుడ్డకే పేరు తెలియదనుకున్నాను ఇన్నాళ్ళూ. నేను చేసే పనికీ తెలియదు. వ్యాన్లో నవ్వుకున్న నవ్వులు, నా చేతికి రాబోతున్న తాళంచెవి, నడిచొచ్చిన ఆ సాయంత్రం, అన్నీ కలిపి ఆయనకి అదేదో. దాన్ని తీసేస్తే నాకేం మిగులుతుందో ఆయనకి తట్టలేదు, ఎందుకంటే అక్కడ ఏదో ఉందనే ఆయనకి తట్టలేదు. కోపంకన్నా దుఃఖం ఎక్కువ వచ్చింది. తిట్టినవాడితో అయితే పోట్లాడచ్చు. చప్పట్లు కొట్టించినవాడితో ఎలా పోట్లాడతాం?

నిన్న డొమితీలా ఫోన్ చేసింది. "వస్తావా, రావా? ఒక్క మాట చెప్పవే. డాక్టరమ్మ నిన్ను చూసి ఒప్పుకుంది. నువ్వు రాకపోతే ఈ పని లేదు, మళ్ళీ ఫెర్మిన్ వ్యానే మనందరికీ."

"రేపు చెబుతాను" అన్నాను.

ఆ రేపు వచ్చేసింది, కాఫీ ఒలకడంతో.

క్యూబా వాళ్ళకి ఏడాది చివరిరోజు ఒక ఆచారముంది. ఇల్లంతా వెనక గది నుంచి వీధి గుమ్మం దాకా కడిగినట్టు తుడవాలి. ఆ మురికినీళ్ళు బకెట్లో ఉంచి, రాత్రి పన్నెండు కొట్టగానే వీధిలోకి విసిరికొట్టాలి. ఏడాది పొడుగునా ఇంట్లో పేరుకున్న చెడంతా ఆ నీళ్ళతో పోతుందని నమ్మకం. మాకు కొలంబియాలో ఈ పద్ధతి లేదు. మేము పన్నెండింటికి ఖాళీ పెట్టె పట్టుకుని వీధి చుట్టూ తిరుగుతాం, కొత్త ఏడాదిలో ప్రయాణాలు రావాలని. అందుకని పెళ్ళయిన మొదటి ఏడాది, తుడవడం అయ్యాక బకెట్లో నల్లటి నీళ్ళు కంపు కొడుతుంటే, పండగపూట ఇదేమిటని తీసుకెళ్ళి టాయిలెట్లో పోసేశాను. మా అత్తగారు గుండెలు బాదుకుంది. "ఏడాది దరిద్రమంతా మన ఇంటి గొట్టాల్లోకే పోసిందే!" ఆ ఏడు ఒరెస్తెస్ ఉద్యోగం పోయినా, బాబాయి పెళ్ళాం లేచిపోయినా, బాయిలరు పగిలినా, అన్నిటికీ కారణం నేను టాయిలెట్లో పోసిన బకెట్టే. ఇంత నష్టం ఒక్క బకెట్‌తో చెయ్యగలిగానంటే నాలో ఏదో శక్తి ఉండాలి.

తర్వాతి ఏడు నుంచి జాగ్రత్తగానే ఉంటున్నాను. మధ్యాహ్నమంతా తుడిచేది నేను. పన్నెండింటికి తెల్ల చొక్కా వేసుకుని, నోట్లో చుట్టతో, బకెట్ ఎత్తేది ఒరెస్తెస్. "చెడంతా బయటికి!" అని అరుస్తాడు, అందరూ కేరింతలు కొట్టి కౌగిలించుకుంటారు. సొమ్మొకడిది, సోకొకడిది. పైగా ఇది న్యూజెర్సీ, హవానా కాదు. సగం నీళ్ళు మెట్లమీదే పడి, పావుగంటలో గడ్డకడతాయి. లోపల అందరూ కొత్త ఏడాది అదృష్టానికని ద్రాక్షపళ్ళు తింటుంటే నేను వెళ్ళి, చుట్టాలు జారిపడకుండా మెట్లమీద ఉప్పు చల్లి వస్తాను. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఈ ఏడు మూడింటికి మొదలుపెట్టాను. పండగని ఒరెస్తెస్‌కి సెలవు, రాత్రికి బేకరీ పొయ్యిలో కాల్చి ఇచ్చే పంది మాంసం తేవడానికి వెళ్ళాడు. అక్కడ జనం వరస రెండు వీధుల పొడుగుంటుంది. వెనక వరండా, వంటిల్లు, అత్తగారి గది, నడవ తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చాను. అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో ఉంది.

"దోన్యా ఎనెయిదా, కాలు కొంచెం ఎత్తండి."

రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఎత్తుకుంది. కింద తుడిచాను. తుడుస్తూ, తల ఎత్తకుండా, చెప్పేశాను.

"రెండో తారీకు నుంచి నేను కొత్త పనికెళ్తున్నాను."

ఆవిడ కాలు దించలేదు.

"వాడికి తెలుసా?"

"ఇంకా లేదు. వచ్చాక చెబుతాను."

"మరి నన్నెవరు చూస్తారు?"

"మీ అబ్బాయి. రెండింటి దాకా ఇంట్లోనే కదా ఉంటాడు."

"వాడా!" నవ్వింది. "వాడు నాకు కాఫీ పెడతాడా? గిన్నెలెక్కడుంటాయో కూడా తెలీదు వాడికి."

"మీరు కుర్చీలో కూర్చుని చెబుతూ ఉండండి. నాకు చెప్పినట్టే."

మెల్లగా కాలు దించుకుంది. కిటికీలోంచి వీధిలోకి చూసింది. ఈవిడ ఏడిస్తే నేను మళ్ళీ వెనక్కి తగ్గుతానేమోనని భయం. ఎంత నిశ్చయం చేసుకున్నా ముసలివాళ్ళ కన్నీళ్ళ ముందు నేను నిలవలేను.

"చిన్నప్పుడు వాడు కర్ర పట్టుకుని నా వెనకే తుడిచేవాడు" అంది. "మా అత్త వచ్చి చేతిలోంచి లాక్కునేది. మగపిల్లాణ్ణి పాడుచేస్తున్నానని నన్ను తిట్టేది. నేనూ ఊరుకున్నాను." నావైపు తిరిగింది. "ఆ రోజు అందరి ముందూ అలా అన్నాడే, నన్ను మాత్రం అడిగాడా? నువ్వు రోజంతా మొహం ముడుచుకుని నా ఎదురుగా కూర్చుంటే నాకేం సుఖం? వ్యాన్లోంచి దిగి ఆ పెరూ ఆవిడ ఇలా అంది, ఆ మెక్సికో ఆవిడ అలా అంది అని నువ్వు చెబుతుంటేనే నాకు ప్రొద్దు పోతుంది."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి కనపడకుండా గుడ్డ పిండుకున్నాను. గుమ్మం దాకా తుడిచేసి, బకెట్ ఎత్తి తలుపు తీశాను.

"ఏయ్ పిల్లా, ఎక్కడికి? పన్నెండు కాలేదింకా!"

"నాకు ఈ ఏడాది ఇక్కడితో అయిపోయిందండీ."

"ఆగు."

స్టాండు చప్పుడు వినిపించింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ, తడి నేలమీద, నా ప్రాణాలు తీస్తూ గుమ్మం దాకా వచ్చింది. "క్యూబాలో ఉన్నప్పుడు మా ఆయన పోసేవాడు. ఇక్కడికొచ్చాక వీడు. ఇన్నేళ్ళూ తుడిచింది నేను, పోసింది వాళ్ళు. అడుగున నువ్వు పట్టుకో."

అడుగున పట్టుకున్నాను. ఆవిడ ఒక చేత్తో స్టాండు, ఒక చేత్తో బకెట్ అంచు పట్టుకుంది. ఒకటి, రెండు అనలేదు, ఒక్కసారే ఊపింది. మెట్లమీద చుక్క పడలేదు. నీళ్ళు ఫుట్‌పాత్ దాటి రోడ్డు మధ్యదాకా వెళ్ళాయి. "చెడంతా బయటికి!" అని అరిచింది పట్టపగలు. ఎదురింటావిడ కిటికీ తెరిచి చూసింది. మా ఇద్దరికీ నవ్వాగలేదు.

బకెట్ కడిగి బోర్లించి, అక్కడ మెట్లమీదే నిలబడి డొమితీలాకి ఫోన్ చేశాను. "వస్తున్నానే. తాళం నేనే తీస్తాను." అవతల ఆవిడ కేక విని మా అత్తగారు గుమ్మంలోంచి, "ఎవరది, ఆ మెక్సికో ఆవిడేనా? నా తరఫున శుభాకాంక్షలు చెప్పు" అంది.

ఒరెస్తెస్ కారు అప్పుడే వచ్చి ఆగింది. మాంసం ట్రే పట్టుకుని దిగి, రోడ్డు చూసి, మమ్మల్ని చూశాడు.

"ఇదేంటి, వీధంతా తడి?"

"మేమిద్దరం పోసేశాం" అంది వాళ్ళమ్మ.

ఆయన ఇంకా అర్థం కాక నిలబడి ఉండగానే చెప్పాను. "రెండో తారీకు ఆరింటికి క్లినిక్ తాళం నేనే తీస్తున్నాను. పదకొండున్నరకి వస్తాను. అప్పటిదాకా అత్తయ్యని నువ్వు చూసుకో. నన్నడక్కుండా నా పని మానిపించకు."

వాళ్ళమ్మ వైపు చూశాడు, ఆవిడ ఏదో ఒకటి అంటుందని. ఆవిడ మోకాలు నిమురుకుంటోంది.

"సరేలే, పండగపూట గొడవెందుకు, తర్వాత మాట్లాడదాం..."

"తర్వాత లేదు. చెప్పాను, అంతే."

ట్రే ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు, అలవాటు తప్పినవాడి తికమక ఉంది. చివరికి బోర్లించిన బకెట్ కనపడింది. "అది కాదే... రాత్రికి చుట్టాలందరూ వస్తారు. పన్నెండింటికి నేనేం పొయ్యాలి?"

"మన గది నేను తుడవలేదు" అన్నాను. "నువ్వు తుడుచుకో, నీళ్ళు వస్తాయి."